అరవై దాటాక చదువుకోవడానికి ఏది కొనాలి? కిండిలా, ట్యాబా, ఇంకేదైనానా?

పాత పాఠకుడు
నవంబరు 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే మన్నించండి. నాకు 66 ఏళ్ళు, ఊరు తెనాలి. షుగరు పన్నెండేళ్ళుగా ఉంది, మాత్రల మీద నడుస్తోంది. చత్వారం నలభై మూడో ఏట వచ్చింది. అప్పట్నుంచి రెండేళ్ళకోసారి అద్దాలు మార్చేవాణ్ణి. ఈసారి మాత్రం నాలుగేళ్ళైంది, బద్ధకం.

సంగతేంటంటే, పుస్తకం పట్టుకుంటే పది పేజీలు దాటడం లేదు. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పగలు కిటికీ పక్కన కొంత నయం, రాత్రి ట్యూబులైటు కింద మరీ కష్టం. మొన్న ఒక కథలో 'ఆయన బావం నాకర్థం కాలేదు' అని చదివి, అచ్చుతప్పులు ఎక్కువైపోయాయి ఈ మధ్య అని విసుక్కున్నాను. మా ఆవిడ పుస్తకం లాక్కుని చూసి, "భ కింద గీత శుభ్రంగా ఉందిగా, తప్పు అచ్చులో లేదు" అంది.

మా అబ్బాయి డిసెంబరులో అమెరికా నుంచి వస్తున్నాడు. చదువుకునే మెషీను ఏదైనా తెస్తాను, ఏది కావాలో చెప్పు నాన్నా అంటున్నాడు. పాతిక వేల లోపు అనుకుంటున్నాను. నేను చదివేది తొంభై పాళ్ళు తెలుగే. ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటు నుంచి దించుకున్న పాత పుస్తకాలు పెన్‌డ్రైవులో ఓ మూడొందలు ఉన్నాయి, అన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. చనిపోయేలోపు అవన్నీ పూర్తి చేయాలని కోరిక.

ఇంకోటి. ఎడమ కన్ను ఒక్కదానితో చూస్తే లైన్లు మధ్యలో కొంచెం వంగినట్టు ఉంటున్నాయి. పాత అద్దాల వల్లే అనుకుంటున్నా. ఇలాంటి వాళ్ళకి ఏ స్క్రీన్ మంచిది?

మానేరు గట్టు
నవంబరు 3, రాత్రి 9:31

సార్, దీనికి ఇంత ఆలోచన ఎందుకు? అమెజాన్ వాళ్ళ పుస్తకాలు చదివే మెషీను ఉంది కదా, కిండిల్, అందులో పేపర్‌వైట్ తెప్పించుకోండి. 2024లో వచ్చిన మోడల్ 7 అంగుళాలు, బరువు 211 గ్రాములు. చేతిలో ఉన్నట్టే అనిపించదు. ఈ-ఇంక్ కాబట్టి కాగితం లెక్కనే ఉంటది. లోపల సన్నటి నల్ల రేణువులు, తెల్ల రేణువులు ఉంటాయి, కరెంటుతోని పైకీ కిందికీ జరుగుతాయి. పేజీ తిప్పినప్పుడే తెరకు చార్జింగ్ ఖర్చు, వారాల తరబడి వస్తది. లైటు మన కంట్లోకి కొట్టదు, తెర మీద పడుతది. రాత్రి పసుపు రంగులోకి మార్చుకోవచ్చు. బేసిక్ మోడల్‌లో ఆ పసుపు లైటు లేదు, దాని జోలికి పోకండి.

టెక్సాస్ తాతయ్య
నవంబరు 3, రాత్రి 10:05

అబ్బాయి అమెరికా నుంచే వస్తున్నాడు కాబట్టి కోబో అనే రీడర్ కూడా చూడమనండి. పేజీ తిప్పడానికి పక్కన బటన్లున్న మోడళ్ళు ఉన్నాయి. మా వయసులో వేళ్ళు పొడిబారి టచ్ సరిగ్గా పట్టదు, రెండుసార్లు తడితే మూడు పేజీలు ఎగిరిపోతాయి. బటన్ అయితే ఆ తిప్పలు ఉండవు. నాకు 69, నేను రోజూ గంటన్నర దాని మీదే చదువుతా. చదివేది ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలనుకోండి.

ఫాంట్ల పిచ్చి
నవంబరు 3, రాత్రి 10:48

అందరూ ఒక్క నిమిషం ఆగండి. పెద్దాయన రాసింది మళ్ళీ చదవండి. మూడొందల స్కాన్ పీడీఎఫ్‌లు! అసలు చిక్కంతా అక్కడుంది.

స్కాన్ పీడీఎఫ్ అంటే అందులో అక్షరాలు ఉండవు, పేజీ ఫొటో ఉంటుంది. మామూలు ఈపబ్ పుస్తకంలో, అంటే అక్షరాలుగానే ఉండే ఈ-పుస్తకంలో, సైజు పెంచితే లైనులో పట్టని మాట కింది లైనులోకి దిగుతుంది. ఫొటోకి ఆ తెలివి లేదు. పెద్దది చేస్తే లైను సగం తెర బయటికి పోతుంది. ఇక వేలితో కుడికీ ఎడమకీ లాక్కుంటూ చదవాలి, ఈ-ఇంక్ మీద అది నరకం. లాగిన ప్రతిసారీ తెర ఒకసారి నల్లబడి తేరుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మన నవలలు చాలావరకు డెమ్మీ సైజు, అంటే వెడల్పు ఐదున్నర అంగుళాలు, పొడవు ఎనిమిదిన్నర. 6 అంగుళాల రీడర్ అన్నప్పుడు ఆ ఆరు మూల నుంచి మూలకి కొలత, వెడల్పు 3.6 అంగుళాలే. ఐదున్నరని అందులో ఇరికిస్తే పుస్తకంలో 12 పాయింట్లున్న అక్షరం 8 పాయింట్ల లోపుకి చిక్కిపోతుంది. శుభలేఖ అడుగున ప్రింటింగ్ ప్రెస్ పేరు వేస్తారే, అంత. 7 అంగుళాల పేపర్‌వైట్‌లో వెడల్పు 4.2, అక్షరం 9 పాయింట్లు. చుట్టూ ఖాళీ అంచులు కత్తిరించి, పేజీని పైముక్క కిందిముక్కగా చూస్తే దాదాపు పుస్తకం సైజే వస్తుంది. కానీ పుస్తకం సైజే చదవలేకపోతున్నాను మొర్రో అని కదా ఆయన అంటున్నది?

ఒత్తులు, భ కింద గీత, థ కడుపులో చుక్క, ఇవన్నీ మొదట మాయమయ్యేవి. 'రాష్ట్రం'లో ష కింద ట, దాని కింద ర. ఇంగ్లీషు 9 పాయింట్లలో చదవొచ్చు. తెలుగు 9 పాయింట్లలో ఊహించుకోవాలి.

మానేరు గట్టు
నవంబరు 3, రాత్రి 11:02

అన్నా, అంత లెక్క నేను చెయ్యలే. నేను ఇంగ్లీషు పుస్తకాలే చదువుతా, అందుకే తోచలేదు. మరి తెలుగు ఈపబ్‌లు కిండిల్‌లో మంచిగ రావా?

ఫాంట్ల పిచ్చి
నవంబరు 3, రాత్రి 11:20

ఈపబ్ ఉంటే వస్తాయి. 2022 నుంచి సెండ్ టు కిండిల్ అనే అమెజాన్ సేవ ద్వారా ఈపబ్ నేరుగా పంపుకోవచ్చు. 2018 నుంచి సొంత ఫాంట్లు కూడా పెట్టుకోవచ్చు, కంప్యూటరుకి తగిలించి ఫాంట్స్ అనే ఫోల్డరులో వేస్తే చాలు. నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంటు వేసి, కాస్త బోల్డ్ చేసి, లైన్ల మధ్య ఎడం పెంచుకుంటే ముసలి కళ్ళకి హాయి. ఆ ఎడం ముఖ్యం. ఎడం తక్కువైతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. పాత రీడర్లలో మాత్రం ఒత్తు అక్షరం కిందకి దిగకుండా పక్కన నిలబడటం నేను చూశాను, కాబట్టి కొనేముందు 'స్త్రీ', 'వస్త్రం', 'లక్ష్మి' ఉన్న పేజీ ఒకటి తెరిచి చూసుకోవాలి.

అసలు కొరత పుస్తకాలది. 2016 డిసెంబరులో కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అధికారికంగా వచ్చాయి. అందులో తెలుగు లేదు. కాబట్టి స్టోరులో కొనుక్కుని చదువుకుందామంటే తమిళుడికి ఉన్న వైభోగం మనకి లేదు. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో పాత పుస్తకాలు కొన్ని టైపు చేసి పెట్టారు, అక్కణ్ణుంచి ఈపబ్ ఉచితంగా దించుకోవచ్చు.

అద్దాల అమ్మాయి
నవంబరు 4, ఉదయం 7:15

పాత పాఠకుడు గారూ, నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసేదాన్ని, పదకొండేళ్ళుగా ఇదే పని. పైన వాళ్ళందరూ మంచి మాటలే చెప్పారు కానీ, మీరు చివర్లో రాసిన రెండు ముక్కలు ఎవరూ పట్టించుకోలేదు. నాకు రాత్రి ఇది చదివాక నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అద్దాల పవరు మారితే అక్షరం మసకబారుతుంది. గీత మామూలుగా వంగదు. గీత వంగిందంటే కంటి వెనక రెటీనా అనే పొర మధ్యలో మాక్యులా అని ఉంటుంది, దాన్ని చూపించుకోవాలి. మనం చదివేది ఆ చిన్న చుక్కంత చోటుతోనే. పైగా మీకు షుగరు పన్నెండేళ్ళు.

ఇప్పుడే ఒక పని చేయండి. గళ్ళ కాగితం, లెక్కల పుస్తకంలోది, ఒకటి తీసుకుని నడుమ పెన్నుతో చుక్క పెట్టండి. చదువుకునే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, చుక్కనే చూస్తూ చుట్టూ గళ్ళు ఎలా ఉన్నాయో గమనించండి. తర్వాత రెండో కన్ను. గళ్ళు వంకరగా కనిపించినా, ఎక్కడైనా మాయమైనా ఈ వారంలోనే రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అద్దాల షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి. కళ్ళల్లో చుక్కలు వేసి పాపలు పెద్దవి చేస్తారు, నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, తోడు ఎవర్నైనా తీసుకెళ్ళండి. బండి మీరు నడపకండి.

గళ్ళు బాగున్నా సరే, షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాల్సిందే. మీరు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?

పాత పాఠకుడు
నవంబరు 4, ఉదయం 8:40

అమ్మా, చెబితే సిగ్గుగా ఉంది. రెటీనా అని ఎప్పుడూ చూపించుకోలేదు. అద్దాల షాపులో బోర్డు చదివించి పవరు రాసిస్తారు, అదే కంటి పరీక్ష అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మనవరాలి లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి చూశాను. కుడి కంటికి గళ్ళు తిన్నగానే ఉన్నాయి, మొత్తం మీద పొగ కమ్మినట్టుంది అంతే. ఎడమ కంటికి చుక్క పక్కన నాలుగైదు గళ్ళు లోపలికి పీక్కుపోయినట్టు ఉన్నాయి. నులక మంచం మీద ఎవరో కూర్చుని లేచినట్టు.

గురువారానికి విజయవాడలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. టెన్షన్‌గానే ఉంది.

అద్దాల అమ్మాయి
నవంబరు 4, ఉదయం 8:52

మంచి పని చేశారు. టెన్షన్ పడకండి, ఇప్పుడు దీనికి మందులున్నాయి. షుగరు రిపోర్టులు, బీపీ మాత్రల చీటీ, పాత అద్దాలు అన్నీ పట్టుకెళ్ళండి. ఆ గళ్ళ కాగితం కూడా.

వరండా వాలుకుర్చీ
నవంబరు 4, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నావు కదా, ధైర్యంగా వెళ్ళిరా. నాకు 71, కాకినాడ. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. కాబట్టి అనుభవం మీద చెబుతున్నాను.

ఆపరేషన్ ముందు మా అమ్మాయి నాకు రీడరు కొనిపెట్టింది, ఆ ఈ-ఇంక్ రకం. అందరూ కాగితంలా ఉంటుంది అంటారు గానీ నాకప్పుడు ఆ తెర బూడిద రంగులో కనిపించేది. తెల్లకాగితంలా కాదు, న్యూస్‌పేపరు వానకి తడిసి ఆరినట్టు. కొన్న వారానికే బీరువాలో పెట్టేశాను. వెనక నుంచి వెలుగొచ్చే ట్యాబు మీదే బాగా కనిపించేది. అందులోనూ అక్షరాలు తెల్లవి, వెనక నలుపు పెట్టుకుంటే ఇంకా హాయి. ఆపరేషన్ అయ్యాక మొత్తం తిరగబడింది. ట్యాబు తెలుపు కళ్ళల్లో గుచ్చుకుంటోంది, బీరువాలో రీడరు బయటికొచ్చింది! ఇప్పుడు పొద్దున్నే వరండాలో ఎండలో కూర్చుని దాన్నే చదువుతాను. ఎండలో ట్యాబు పెడితే నా మొహమే కనిపిస్తుంది, కథ కనిపించదు.

ట్యాబు చేత్తో పట్టుకోకు. అట్టతో కలిపి ఏడొందల గ్రాములు దాటుతుంది, బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంటే వదలదు. నేను పారాయణకి వాడే వ్యాసపీఠం మీద పెట్టుకుంటాను. ఆ వాలు సరిగ్గా సరిపోతుంది.

మానేరు గట్టు
నవంబరు 4, మధ్యాహ్నం 3:10

అమ్మా, ఇది నాకు కొత్త సంగతి. ఈ-ఇంక్ అంటే కళ్ళకు మంచిది, స్క్రీన్ అంటే కళ్ళు పాడైతయి అని నేను అందరికీ చెప్తున్న ఇన్నేండ్లు. స్క్రీన్ నీలి వెలుగు ఆపుతయని బ్లూ లైట్ అద్దాలు కూడా కొన్న.

అద్దాల అమ్మాయి
నవంబరు 4, రాత్రి 9:05

వాలుకుర్చీ అమ్మగారు చెప్పింది మా క్లినిక్‌లో రోజూ వినేదే. వయసుతో కంటి పాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది, వెలుగు తక్కువ చేరుతుంది. అందుకే అక్షరం ఎంత పెద్దదన్నది ఒక్కటే చాలదు, నలుపుకీ తెలుపుకీ ఎంత తేడా ఉందన్నది కూడా లెక్కే. ఈ-ఇంక్‌లో ఆ తేడా మంచి తెల్లకాగితం కంటే తక్కువ. రంగుల ఈ-ఇంక్ అయితే పైన ఇంకో పొర ఉంటుంది కాబట్టి మరీ మసక. ముసలి కళ్ళకి రంగుల ఈ-ఇంక్ మాత్రం వద్దు.

శుక్లం ఉన్నవాళ్ళకి తెల్లటి తెర వెలుగు లోపల చెదిరి తెరంతా పాలు పోసినట్టు ఉంటుంది. అందుకే నలుపు మీద తెలుపు బాగుంటుంది. అదే ఆస్టిగ్మాటిజం (కంటి ముందు వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం) ఉన్నవాళ్ళకి తెల్ల అక్షరం చుట్టూ మెరుపు వచ్చి చికాకు. ఎవరి కన్ను వాళ్ళది.

మానేరు గట్టు గారూ, స్క్రీన్ వల్ల చూపు పోదు. రెప్ప వెయ్యడం మర్చిపోతాం, కన్ను ఆరిపోతుంది, మంట పుడుతుంది. ఈ-ఇంక్ మీద కూడా కళ్ళార్పకుండా చదివితే అదే మంట. బ్లూ లైట్ అద్దాలు అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ వాళ్ళే చెప్పట్లేదు. కొన్నవి పెట్టుకోండి, హాని లేదు, మళ్ళీ కొనకండి.

ఒక చిన్న సంగతి. దగ్గరచూపు అద్దాలు మామూలుగా 40 సెంటీమీటర్ల దూరానికి ఇస్తారు. ట్యాబు పీఠం మీద పెట్టి వెనక్కి వాలి కూర్చుంటే దూరం 55, 60 అవుతుంది. అప్పుడు అద్దాల్లో తప్పు లేకపోయినా మసకే. కొత్త అద్దాలు రాయించేటప్పుడు మీ ట్యాబో రీడరో వెంట తీసుకెళ్ళి, ఇంట్లో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని చూపించండి. టేపుతో కొలిచి ఇస్తాం. ఏ షాపువాడూ అడగడు, మీరే చెప్పాలి.

చెవులతో చదువరి
నవంబరు 5, ఉదయం 6:20

నేను వరంగల్, రిటైర్డ్ తెలుగు టీచరు. నాకు నీటికాసులు, అదే గ్లాకోమా. చుట్టూ చూపు పోయి నడుమ గొట్టంలోంచి చూసినట్టు మిగిలింది. నా లాంటి వాళ్ళకి అక్షరం మరీ పెద్దది చేస్తే ఒకసారికి రెండక్షరాలే దొరుకుతాయి, మాట పూర్తయ్యేసరికి మొదలు మర్చిపోతాం. కాబట్టి పెద్దదే మంచిదని కూడా అనుకోకండి.

నేను ఇప్పుడు ఎక్కువ వింటాను. ఆండ్రాయిడ్‌లో గూగుల్ గొంతు తెలుగు చదువుతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసుకోవాలి. మొదటి వారం భరించలేకపోయాను. సంధులు విరిచి పలుకుతుంది, పద్యమైతే యతి లేదు, గతి లేదు, కిరాణా లెక్క చదివినట్టు చదువుతుంది. తర్వాత అలవాటైంది. వార్తలకీ వ్యాసాలకీ పరవాలేదు, కథకి ఓర్చుకోవచ్చు, పద్యానికి మాత్రం దండం.

చూపు బాగా తగ్గినవాళ్ళకి సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, 2016లో మొదలైంది. అచ్చుపుస్తకం చదవలేనివాళ్ళకి ఉచితం, సభ్యత్వం తీసుకోవాలి. మన కాపీరైటు చట్టంలో 2012లో చేసిన సవరణ వల్లే పుస్తకాలని మా లాంటి వాళ్ళకి పనికొచ్చే రూపంలోకి మార్చడం కుదిరింది. పాత పాఠకుడు గారికి ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను, తెలిసి ఉండటం మంచిదని రాశాను.

టెక్సాస్ తాతయ్య
నవంబరు 5, ఉదయం 7:45

మాస్టారూ, 'కిరాణా లెక్క' అన్నారు, అదే గొంతు ఇక్కడ మా ఇంట్లో రోజూ భాగవత పద్యాలు చదువుతోంది. మా ఆవిడ వంటింట్లోంచి అరుస్తుంది, ఆపండి పాపం వస్తుంది అని.

పాతిక వేలలో 10 అంగుళాల ఈ-ఇంక్ వస్తుందా? బూక్స్ అని ఆండ్రాయిడ్‌తో నడిచేవి ఉన్నాయి, అందులో మన యాప్‌లు కూడా ఎక్కించుకోవచ్చు అంటున్నారు.

ఫాంట్ల పిచ్చి
నవంబరు 5, ఉదయం 10:15

రాదు. ఆ సైజు ఈ-ఇంక్ ధర పాతిక దాటేస్తుంది. కిండిల్ స్క్రైబ్ 2024 మోడల్ 10.2 అంగుళాలు, 433 గ్రాములు, దాని ధరా అంతే. నేనైతే ఈ పుస్తకాలకి మామూలు 10, 11 అంగుళాల ట్యాబే తీసుకుంటాను. ఒక చిట్కా చెబుతా, ఎందుకో చాలామందికి తోచదు. ట్యాబుని అడ్డంగా తిప్పండి. 11 అంగుళాల ట్యాబు అడ్డంగా పెడితే వెడల్పు తొమ్మిది అంగుళాలకి పైనే. అంచులు కత్తిరించిన డెమ్మీ పేజీలో అచ్చు వెడల్పు నాలుగుంబావు. అంటే అక్షరం రెట్టింపు కంటే పెద్దది. 12 పాయింట్లది 25 పాయింట్లు! పిల్లల వాచకం సైజు. పేజీ మూడు ముక్కలుగా కనిపిస్తుంది, కిందికి జరుపుకుంటూ పోవడమే, పక్కలకి లాగే పని లేదు.

అంచులు కత్తిరించడం కేఓరీడర్ అనే ఉచిత యాప్‌లో ఉంది, ఆండ్రాయిడ్‌లో నడుస్తుంది. పేజీ పసుపెక్కిన స్కాన్ అయితే అందులోనే కాంట్రాస్ట్ పెంచుకోవచ్చు. కాగితం మరక పోయి అక్షరం నల్లబడుతుంది. పాత పుస్తకాలకి ఇది ప్రాణం.

పేజీని అక్షరాలుగా మార్చేయొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నా. గూగుల్ డ్రైవులో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు పట్టుకుంటుంది. శుభ్రమైన స్కాన్ అయితే బాగానే వస్తుంది. పాత సీసపు అచ్చు, సిరా పాకిన పేజీ అయితే 'భ'లు 'బ'లు అవుతాయి. మళ్ళీ పాత పాఠకుడు గారి మొదటి సమస్యకే వస్తాం. పెద్ద పుస్తకమైతే ముక్కలు చేసి పెట్టాలి, మూడొందల పుస్తకాలకి అది అయ్యే పని కాదు.

పాత పాఠకుడు
నవంబరు 8, సాయంత్రం 5:30

నిన్నంతా కళ్ళు మసకగా ఉండి రాయలేదు.

అద్దాల అమ్మాయి అన్నది నిజమైంది. ఎడమ కంట్లో మాక్యులా దగ్గర షుగరు వల్ల వాపు వచ్చిందట. ఓసీటీ అని స్కాన్ తీశారు, రెటీనాని నిలువుగా కోసినట్టు పొరలు పొరలుగా కనిపించింది. గళ్ళు ఎక్కడ పీక్కుపోయాయో సరిగ్గా అక్కడ ఒక బొడిపె. కంట్లోకే ఇంజెక్షన్లు ఇవ్వాలట, నెలకొకటి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తారట. కంట్లో సూది అనగానే నాకు కాళ్ళు వణికాయి. నిన్న మొదటిది ఇచ్చారు. తిమ్మిరి చుక్కలు వేశాక ఒత్తినట్టు అనిపించింది అంతే, ఉగాది పచ్చడిలో వేపపువ్వంత బాధ.

కుడి కంట్లో శుక్లం. ఆ పొగ అదే. వాపు తగ్గాక జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఆపరేషన్ అంటున్నారు. అప్పటిదాకా కొత్త అద్దాలు రాయించుకోవద్దన్నారు, ఆపరేషన్ తర్వాత నెల, నెలన్నరకి పవరు నిలబడుతుందట.

ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఆ కన్నుతో చదువు మర్చిపోవాల్సి వచ్చేదన్నాడు డాక్టర్. అద్దాల అమ్మాయీ, నువ్వెక్కడున్నావో నాకు తెలియదు, చల్లగా ఉండు తల్లీ.

అద్దాల అమ్మాయి
నవంబరు 8, సాయంత్రం 6:02

కళ్ళు చెమర్చాయండీ. తర్వాతి ఇంజెక్షన్లు మానకండి. ఒకటి తర్వాత బాగుందనిపించి చాలామంది ఆగిపోతారు. షుగరు అదుపులో లేకపోతే ఎన్ని సూదులు వేసినా వాపు మళ్ళీ వస్తుంది. గళ్ళ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి వారానికోసారి చూసుకోండి.

మానేరు గట్టు
నవంబరు 8, రాత్రి 8:15

సార్, ఇది చదివి మా నాన్నను రేపు తీసుకపోతున్న. ఆయనకు షుగర్ పదిహేనేండ్ల నుంచి. ఈ హైదరాబాదులో ఉండి, ఇన్నేండ్లు కిండిల్‌లో ఫాంట్ పెంచుడు తప్ప నాకు ఇంకోటి తట్టలే.

చెవులతో చదువరి
నవంబరు 9, ఉదయం 6:40

తీసుకెళ్ళు నాయనా. చూపు ఇప్పటికే బాగా తగ్గి ఉంటే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో-విజన్ వాళ్ళకి ప్రత్యేకంగా విభాగం ఉంది. భూతద్దాల రకాలు, లైటు ఎటు పక్కన పెట్టుకోవాలి, వేలితో లైను పట్టుకుని ఎలా చదవాలి, అన్నీ నేర్పుతారు. మందు అయిపోయింది ఇక చేసేదేం లేదు అన్నచోట నుంచి వాళ్ళ పని మొదలవుతుంది.

పాత పాఠకుడు
నవంబరు 14, రాత్రి 9:50

మళ్ళీ అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే ఒక తమాషా జరిగింది.

అబ్బాయికి ఫోన్ చేసి ఇప్పుడే ఏమీ కొనొద్దు, ఆపరేషన్ అయ్యాక నా కన్ను ఎలా ఉంటుందో చూసి అప్పుడు కొందాం అని చెప్పాను. వాలుకుర్చీ అక్కయ్య బీరువా కథ గుర్తుంది మరి. వాడు, "కరోనాలో పాప ఆన్‌లైన్ క్లాసులకి కొన్న ట్యాబు అటక మీద ఉండాలి చూడు నాన్నా" అన్నాడు. దింపాం. 10 అంగుళాలు, మూల పగిలింది, తెర మీద ఎలుగుబంటి స్టిక్కరు. పొద్దున చార్జింగ్ పెడితే సాయంత్రానికి లేచింది. పక్కింటి కుర్రాడు కేఓరీడర్ ఎక్కించి, పెన్‌డ్రైవు పుస్తకాలన్నీ అందులో పోశాడు.

అడ్డంగా తిప్పి, అంచులు కత్తిరించి, నలుపు మీద తెలుపు పెట్టి చూశాను. భ కింద గీత దూలమంత ఉంది. పదిహేను నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయాలని గోడ గడియారం ఎదురుగా కూర్చున్నాను. అయినా ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి నలభై పేజీలు చదివాను. నాలుగేళ్ళలో ఒక్క రాత్రి నలభై పేజీలు చదవలేదు నేను.

ఒకటే ఇబ్బంది. ట్యూబులైటు నెత్తి మీదే ఉండటంతో తెరలో దాని నీడ పడుతోంది.

వరండా వాలుకుర్చీ
నవంబరు 15, ఉదయం 7:00

ట్యూబులైటు వీపు వెనక్కి రాకుండా కుర్చీ తిప్పుకో తమ్ముడూ. లైటు నీ పక్కన ఉండాలి, వెనక కాదు. మెరవని మ్యాట్ ఫిల్ము అతికిస్తారు మొబైల్ షాపులో, అది వేయించు. కాస్త మసకేస్తుంది, అది చూసుకుని వేయించు.

ఫాంట్ల పిచ్చి
నవంబరు 15, ఉదయం 9:30

నలభై పేజీలు! ట్యాబు దేనిమీద పెట్టుకున్నారు సార్?

పాత పాఠకుడు
నవంబరు 15, రాత్రి 8:20

వ్యాసపీఠం మీదే. కానీ కార్తీకమాసం కదా, మా ఆవిడ పారాయణకి అది కావాలని పొద్దున్నే పట్టుకుపోయింది. అబ్బాయికి మళ్ళీ ఫోన్ చేశాను, మెషీను వద్దు గానీ దాన్ని నిలబెట్టే మంచి స్టాండు ఒకటి పట్టుకురా అని.